లిథువేనియాలో ఉన్న, రాబోతున్న మన తెలుగు స్టూడెంట్స్‌కి ఒక బహిరంగ లేఖ

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ,

మీరు కౌనస్‌లో ఉన్నా, విల్నియస్‌లో ఉన్నా, క్లైపెదాలో ఉన్నా, లేదంటే ఇంకా హైదరాబాద్‌లోనో గుంటూరులోనో అడ్మిషన్ లెటర్ పట్టుకుని వీసా కోసం ఎదురుచూస్తున్నా ఈ లెటర్ మీకే. నేను కొన్నేళ్ళుగా ఇక్కడ కౌనస్‌లో ఉద్యోగం చేసుకుంటున్నా, మన స్టూడెంట్స్ గ్రూపులు కొన్నిటిలో ఉన్నా, కొత్తగా వచ్చినవాళ్ళు రూమ్ గురించో పార్ట్‌టైమ్ గురించో అడిగితే తెలిసింది చెప్తుంటా. ఈ మధ్య ఆ గ్రూపుల్లో ఇక్కడి భాష గురించి నడుస్తున్న మాటలు చూసి ఊరుకోలేక రాస్తున్నా, కాస్త పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

2026 జనవరి నుంచి కస్టమర్లతో డైరెక్ట్‌గా మాట్లాడే పనుల్లో ఉండే ఫారినర్స్‌కి బేసిక్ లెవెల్ లిథువేనియన్ రావాలని రూల్ వచ్చింది కదా, అప్పట్నుంచి ఒకటే గోల. వీళ్ళు దేశం మొత్తం కలిపి 29 లక్షల మంది, హైదరాబాద్‌లో సగం కూడా లేరు, వీళ్ళ భాష మనమెందుకు నేర్చుకోవాలి, ఇంగ్లీష్‌తో పనైపోతుంటే ఈ టార్చర్ ఏంటి, రెండేళ్ళు చదివి జర్మనీకో ఇంకెక్కడికో పోయేవాళ్ళమే కదా అని. ఇది ఒక రకం మెసేజ్. ఇంకో రకం ఫార్వర్డ్: లిథువేనియన్ మన సంస్కృతం నుంచే పుట్టింది, చూడండి ఈ పదాలు, ప్రపంచానికి మాటలు నేర్పింది మనమే అని. పొద్దున ఆ ఫార్వర్డ్ పెట్టి గర్వపడినవాళ్ళే సాయంత్రం ఈ భాష మాకెందుకు అని కంప్లైంట్ చెయ్యడం కూడా చూశా. ఈ రెండు మెసేజ్‌లలోనూ అసలు ఈ భాష లేదు, దాన్ని మాట్లాడిన మనుషులు లేరు. వాళ్ళ గురించి చెప్దామనే ఈ లెటర్.

ముందు ఆ సంస్కృతం సంగతి తేల్చేద్దాం. పోలికలు నిజమే, ఎవరూ కల్పించినవి కావు. కొడుకుని సంస్కృతంలో సూనుః అంటే వీళ్ళు సూనుస్ అంటారు, అగ్ని వీళ్ళకి ఉగ్నిస్, ధూమం దూమస్, దేవుడు దియెవస్, గొర్రె అక్కడ అవిః ఇక్కడ అవిస్. కానీ ఈ భాష సంస్కృతం నుంచి పుట్టలేదు, సంస్కృతం దీన్నుంచీ పుట్టలేదు. పెదనాన్న పిల్లలకీ చిన్నాన్న పిల్లలకీ ముక్కూ మొహం కలిస్తే వీళ్ళు వాళ్ళకి పుట్టారని అనం కదా, తాత ఒకడే అంటాం. ఇక్కడా అంతే, ఎవరూ రాసిపెట్టని ఒక పాత భాష నుంచి రెండూ వేరువేరు దారుల్లో వచ్చాయి, దాన్నే ఇండో-యూరోపియన్ అంటున్నారు. లిథువేనియన్ అందులో బాల్టిక్ అనే కొమ్మకి చెందింది, ఆ కొమ్మ మీద ఇప్పుడు బతికున్న భాషలు రెండే, ఇదీ, పక్క దేశం లాత్వియా వాళ్ళ లాత్వియన్.

ఇంకో మాట, మనకి ఆ పదాలు ఎప్పట్నుంచో తెలిసినట్టు అనిపించేది తెలుగు వాటిని సంస్కృతం నుంచి తెచ్చుకుంది కాబట్టి. నిప్పు, పొగ, కొడుకు, గొర్రె అనే మన సొంత మాటలకి ఈ భాషతో చుట్టరికం లేదు, మనది ద్రావిడ కుటుంబం. కాల్డ్‌వెల్ అనే పాదిరి దక్షిణాది భాషలన్నీ ఒక వేరే కుటుంబం అని వివరంగా చూపిస్తూ పుస్తకం వేసింది 1856లో, ఆగస్ట్ ష్లైచర్ అనే జర్మన్ పండితుడి లిథువేనియన్ వ్యాకరణం వచ్చిందీ 1856లోనే. కాబట్టి "మనదే" అనే గర్వం ఇక్కడ కుదరదు, అయినా ఒక భాషని గౌరవించడానికి అది మనదే అయ్యుండాలా చెప్పండి.

ఆ ష్లైచర్ 1852లో పక్కనే ఉన్న జర్మన్ల రాజ్యం ప్రష్యాలోని లిథువేనియన్ పల్లెలకి వెళ్ళి రైతుల దగ్గర కూర్చుని వాళ్ళ మాటలు, పాటలు, కథలు రాసుకున్నాడు. ఆధునిక భాషాశాస్త్రానికి ఆద్యుడు అని చెప్పుకునే సొస్యూర్ కూడా 1880లో లిథువేనియా వచ్చి వెళ్ళి, తర్వాత ఈ భాషలో స్వరం, అంటే మాటలో ఊనిక, ఎక్కడ పడుతుందో, ఎలా మారుతుందో దాని మీద రాశాడు. వాళ్ళు వచ్చింది పాతదనం కోసం. మిగతా యూరప్ భాషలు చాలావరకు పోగొట్టుకున్న విభక్తులు, పదాల చివర అక్షరాలు, స్వరం ఇక్కడ ఇంకా వినపడుతున్నాయి కాబట్టి. మారకుండా అలాగే ఉండిపోయిందని కాదు, ప్రతి భాషా మారుతుంది, ఇది నెమ్మదిగా మారింది అంతే. నా బాధ ఏంటంటే మనవాళ్ళ కథ ఇక్కడితో ఆగిపోతుంది, పండితులు మెచ్చుకున్న పాత భాష అని చెప్పి వదిలేస్తారు. ఆ పండితులు విన్నది రైతుల నోటి మాట. ష్లైచర్ పుస్తకం వచ్చిన పదేళ్ళ లోపే బోర్డర్‌కి ఇటుపక్క, రష్యా చక్రవర్తి పాలనలో ఉన్న లిథువేనియాలో, ఆ రైతులు తమ భాషలో తమ లిపిలో అచ్చయిన పుస్తకం ఇంట్లో పెట్టుకోవడం నేరం అయిపోయింది.

దానికి ముందు సంగతి కొంచెం తెలియాలి. 1253లో మిందౌగస్ అనే ఆయనకి లిథువేనియా రాజుగా కిరీటం పెట్టారు, తర్వాత రెండు వందల ఏళ్ళకి లిథువేనియా గ్రాండ్ డచీ అంటే యూరప్‌లో చాలా పెద్ద రాజ్యాల్లో ఒకటి, ఇప్పటి బెలారస్ మొత్తం, యుక్రెయిన్‌లో చాలా భాగం అందులోనే. అంత పెద్ద రాజ్యానికి ఆఫీసు భాష లిథువేనియన్ కాదు! కోటల్లో, ఇళ్ళలో మాట్లాడుకున్నా కాగితం మీద రాసింది రష్యన్, పోలిష్‌ల కుటుంబానికే చెందిన ఒక స్లావిక్ భాషలో, లాటిన్‌లో. 1529, 1566, 1588ల్లో వచ్చిన వాళ్ళ చట్టాల సంపుటాలు మూడూ స్లావిక్‌లోనే రాశారు. 1569లో పోలండ్‌తో ఒకే రాజ్యంగా కలిశాక ఆ పెద్దింటివాళ్ళు మెల్లమెల్లగా పోలిష్‌కి మారిపోయారు, 1697 నుంచి ఆఫీసు భాష కూడా పోలిష్ అయిపోయింది. చదువుకున్నవాళ్ళ భాష, పెళ్ళి సంబంధాల భాష, కోర్టు భాష అన్నీ పోలిష్. లిథువేనియన్ పొలం పనిచేసేవాళ్ళ భాషగా మిగిలింది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఈ భాషకి ఒక దేశపు అధికార భాష అనే హోదా వచ్చింది 1918 తర్వాతే, అంటే వందేళ్ళ పైచిలుకు మాత్రమే, అందులో కూడా యాభై ఏళ్ళు పరాయి పాలన తినేసింది.

మొదటి లిథువేనియన్ పుస్తకం కూడా లిథువేనియాలో అచ్చవలేదు. 1547లో మార్తీనస్ మాజ్వీదస్ అనే ఆయన క్యోనిగ్స్‌బెర్గ్‌లో, అంటే ప్రష్యాలో, ఒక చిన్న క్రైస్తవ బోధ పుస్తకం వేశాడు, అందులో చదవడం నేర్పే అక్షరాల పాఠం, పాటలు కూడా ఉన్నాయి. దాని ముందుమాటలో పుస్తకమే నోరు తెరిచి మాట్లాడుతుంది, అన్నదమ్ములారా అక్కచెల్లెళ్ళారా నన్ను తీసుకుని చదవండి అని. ఇప్పటికి మిగిలింది రెండే కాపీలు, ఒకటి విల్నియస్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది. తర్వాత 1599లో మికలోయస్ దౌక్షా అనే పాదిరి తన లిథువేనియన్ పుస్తకానికి పోలిష్‌లో ముందుమాట రాశాడు, ఎందుకంటే ఆయన మందలించాల్సిన పెద్దమనుషులు చదివేది పోలిష్ కాబట్టి. ఏ జాతైనా నిలబడేది భూమి పండటం వల్లో, బట్టల అందం వల్లో, కోటల బలం వల్లో కాదు, తన భాషని కాపాడుకుని వాడుకోవడం వల్ల అని ఆయన వాదన. నాలుగొందల ఏళ్ళ కిందటి ఆ ముందుమాట ఇవాళ మన ఇళ్ళల్లో పిల్లలతో తెలుగు మానేస్తున్న తల్లిదండ్రులకి చదివి వినిపించాలనిపిస్తుంది నాకు, సరే ఆ టాపిక్ ఇంకోసారి.

ఒక భాష చచ్చిపోవడం అంటే ఏంటో వీళ్ళకి పక్కింట్లోనే కనపడింది. బాల్టిక్ కొమ్మలోనే పాత ప్రష్యన్ అనే భాష ఉండేది, 13వ శతాబ్దంలో జర్మన్ యోధులు ఆ నేలని ఆక్రమించుకున్నారు, మనుషులు ఉన్నారు కానీ భాష తరతరానికీ తరిగిపోయి, 1709 నుంచి 1711 వరకు వచ్చిన ప్లేగుతో మిగిలిన కొద్దిమంది కూడా పోయారు. ఇప్పుడు ప్రష్యా అనే పేరు చెప్తే అందరికీ జర్మన్లు గుర్తొస్తారు, ఆ పేరు అసలు ఎవరిదో ఎవరికీ పట్టదు.

ఇంక అసలు కథ. 1795కల్లా పోలండ్-లిథువేనియా రాజ్యాన్ని రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ముక్కలు చేసి పంచుకున్నాయి, లిథువేనియాలో ఎక్కువ భాగం రష్యాకి పోయింది. 1863లో తిరుగుబాటు జరిగింది, అణిచేశారు. పోలిష్ ప్రభావం తెంపెయ్యాలంటే లాటిన్ అక్షరాలే తీసెయ్యాలని ప్రభుత్వం ఆలోచించి, 1864, 1865ల్లో వరసగా ఆర్డర్లు వేసి లాటిన్ లిపిలో లిథువేనియన్ అచ్చు వెయ్యడం, బయట్నుంచి తేవడం, పంచడం అన్నీ నిషేధించింది. కావాలంటే రష్యన్ లిపిలో వేసుకోండి అన్నారు, ప్రభుత్వమే కొన్ని పుస్తకాలు అలా వేసి పంచింది కూడా. జనం వాటిని ముట్టుకోలేదు. ఒక్కసారి ఆలోచించండి, బడిలో రష్యన్, ఆఫీసులో రష్యన్, ఇంట్లో మాట్లాడే భాషలో చదువుకోవడానికి ఏమీ లేదు, ఫ్రీగా ఇచ్చే పుస్తకం వేరే లిపిలో ఉంది. తీసుకుని ఉంటే సుఖంగా బతికేవాళ్ళు. తీసుకోలేదు. ఇది 40 ఏళ్ళు నడిచింది, 1904 వరకు, అంటే నిషేధం మొదటి ఏడాది పుట్టిన పిల్లకి మనవలు వచ్చేంత కాలం.

మొతియెయుస్ వలాన్‌చ్యుస్ అనే బిషప్ ముందు డబ్బు సమకూర్చి ప్రష్యా వైపు ప్రెస్‌లలో పుస్తకాలు వేయించడం మొదలుపెట్టాడు. బోర్డర్ అవతల టిల్సిట్ అనే ఊరు దీనికి అడ్డా అయింది. అక్కడ అచ్చేసి రాత్రిళ్ళు సంచుల్లో వీపు మీద మోసుకుంటూ బోర్డర్ దాటించి, కొట్లలో, గడ్డివాముల్లో దాచి, ఊరి నుంచి ఊరికి చేతులు మారుస్తూ లోపలికి పంపేవాళ్ళు. ఆ మోసినవాళ్ళని వీళ్ళు క్నీగ్నెశై అంటారు, పుస్తకాలు మోసేవాళ్ళు అని. నాకు అందులో ఒక చిన్న వివరం బాగా నచ్చింది: టిల్సిట్‌లో వేసిన ప్రార్థన పుస్తకాల మొదటి పేజీ మీద కావాలనే విల్నియస్‌లోని పాత ప్రెస్ పేరు వేసి, నిషేధానికి ముందు సంవత్సరం వేసేవాళ్ళు. పోలీసు పట్టుకుంటే ఇది పాత పుస్తకం బాబూ, మా అమ్మ కాలం నాటిది అని చెప్పుకోవడానికి. ముసలమ్మ చేతిలో కొత్త కాగితం వాసన వస్తున్న పుస్తకం, దాని మీద పాత సంవత్సరం.

పట్టుబడితే జరిమానా, జైలు, సైబీరియాకి పంపడం. బోర్డర్ దగ్గర కాల్పుల్లో చచ్చిపోయినవాళ్ళూ ఉన్నారు. దొరికిన పుస్తకాలు తగలబెట్టేవాళ్ళు. అయినా లక్షల కాపీలు లోపలికి వచ్చాయి. యుర్గిస్ బియెలినిస్ అనే రైతుబిడ్డ ముప్పై ఏళ్ళకి పైగా ఇదే పని చేశాడు, ఒక పెద్ద నెట్‌వర్క్ నడిపాడు, ఆయన్ని పుస్తకాలు మోసేవాళ్ళ రాజు అని పిలుస్తారు. ఆయన 1918 జనవరిలో పోయాడు, ఫిబ్రవరి 16న లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. నెల కూడా లేదు తేడా. ఆయన పుట్టిన మార్చి 16నే ఇప్పుడు క్నీగ్నెశై రోజుగా జరుపుకుంటారు. కౌనస్‌లో ఉన్నవాళ్ళు యుద్ధ మ్యూజియం ముందు గార్డెన్‌లో ఫోటోలు దిగి స్టేటస్ పెడుతుంటారు కదా, అక్కడే చేతిలో కర్ర, వీపున మూట, వంగి నడుస్తున్న మనిషి విగ్రహం ఒకటి ఉంటుంది చూడండి, యువోజస్ జికారస్ అనే శిల్పి చేసింది, అదే ఆ పుస్తకాలు మోసే మనిషి. సైన్యాధిపతులకీ రాజులకీ విగ్రహాలు పెట్టే దేశాలు చాలా ఉన్నాయి, పుస్తకాల మూట మోసినవాడికి యుద్ధ మ్యూజియం ముందు చోటిచ్చారు వీళ్ళు.

మరి ఆ పుస్తకాలు చదవడం ఎవరు నేర్పారు? అమ్మలు. బడిలో లిథువేనియన్ నేర్పరు కాబట్టి ఇంట్లోనే, రాట్నం తిప్పుకుంటూ పక్కన పిల్లని కూర్చోబెట్టుకుని ప్రార్థన పుస్తకంలో అక్షరాలు చూపించి చదివించేవాళ్ళు. పెత్రస్ రిమ్షా అనే శిల్పి 1906లో చేసిన బొమ్మ ఉంది, రాట్నం ముందు తల్లి, ఆమె పక్కన పుస్తకం పట్టుకున్న పిల్ల, దాని పేరు లిథువేనియా బడి. ఆ బొమ్మ ఫోటో చూసినప్పుడల్లా నాకు కళ్ళు చెమరుస్తాయి, దాచుకోను. 1897 జనాభా లెక్కల్లో ఈ ప్రాంతంలో చదవడం వచ్చినవాళ్ళు రష్యా సామ్రాజ్యం సగటు కంటే చాలా ఎక్కువ. నిషేధం పెట్టినచోట!

ఇదే సమయంలో పత్రికలు కూడా బోర్డర్ దాటి వచ్చాయి. 1883లో యోనస్ బసనావిచ్యుస్ అనే డాక్టర్ ఔష్రా పెట్టాడు, 1889లో వింత్సస్ కుదిర్కా అనే ఇంకో డాక్టర్ వార్పస్ మొదలుపెట్టాడు, ఇవాళ వీళ్ళు నిలబడి పాడే జాతీయ గీతం 1898లో ఆ వార్పస్‌లోనే మొదట అచ్చయింది. అంటే ఆ పాట కూడా దొంగచాటుగానే దేశంలోకి వచ్చింది. ఇంకో గమ్మత్తు చూడండి, ఇప్పుడు మీరు బస్‌స్టాప్ బోర్డుల మీద చూసి ఇదేం అక్షరం అనుకునే, తల మీద చిన్న గుర్తున్న చ, శ అక్షరాలు అప్పుడే వచ్చి స్థిరపడ్డాయి. అంతకుముందు పోలిష్ పద్ధతిలో రెండేసి అక్షరాలు కలిపి రాసేవాళ్ళు, అది వద్దని చెక్ భాష దగ్గర్నుంచి ఇవి తెచ్చుకున్నారు. లాటిన్ లిపి కోసం రష్యాతో కొట్లాడుతూనే ఆ లిపిలో పోలిష్ ముద్ర కూడా తీసేసుకున్నారు.

1904 మే 7న నిషేధం ఎత్తేశారు. వెంటనే అందరూ ఒకే రకంగా ఎలా రాయాలి అనే ప్రశ్న వచ్చింది, ఒక్కో ప్రాంతం యాస ఒక్కోలా ఉంది, పడమటి జెమైతియా వాళ్ళ మాట తూర్పు వాళ్ళకి సరిగ్గా అర్థం కాదు. యోనస్ యబ్లోన్‌స్కిస్ అప్పటికే 1901లో మారుపేరుతో ఒక వ్యాకరణం వేసి ఉన్నాడు, ఆయన జనం మాట్లాడే మాటల్లోంచే ప్రామాణిక భాషని కూర్చాడు, ఇప్పుడు పుస్తకాల్లో, టీవీలో ఉండేది చాలావరకు ఆయన చెయ్యి పడ్డదే. కజిమియెరస్ బూగా అనే భాషావేత్త పదాలు పోగుచేసి పెద్ద నిఘంటువు మొదలుపెట్టి 1924లో చనిపోయాడు, వేరేవాళ్ళు అందుకున్నారు. మొదటి సంపుటం 1941లో వచ్చింది, ఆఖరిది, ఇరవయ్యోది, 2002లో వచ్చింది. ఆ మధ్యలో ఎన్ని జరిగాయో చూడండి, సోవియట్, నాజీ, మళ్ళీ సోవియట్, తర్వాత స్వాతంత్ర్యం. అన్నిటి మధ్యలో ఎవరో ఒకరు కూర్చుని పదాల కార్డులు సర్దుతూనే ఉన్నారు.

సోవియట్ కాలం గురించి మీకు ఇక్కడి ముసలివాళ్ళు ఎవరైనా చెప్తారు, అడగండి చాలు. 1941 నుంచి 1953 వరకు లక్షమందికి పైగా జనాన్ని సైబీరియా వైపు పంపేశారు, టీచర్లు, రైతులు, పసిపిల్లలు. అక్కడ క్యాంపులో నలుగురు లిథువేనియన్ అమ్మాయిలు చేత్తో రాసి కుట్టుకున్న చిన్న ప్రార్థన పుస్తకం రహస్యంగా బయటికి వచ్చి తర్వాత అమెరికాలో అచ్చయింది. దేశంలో లిథువేనియన్ బడులు ఉన్నాయి, పుస్తకాలూ వచ్చాయి, అది ఒప్పుకోవాలి, కానీ పైకి వెళ్ళేకొద్దీ రష్యన్, 1970ల్లో అయితే రీసెర్చ్ థీసిస్ కూడా రష్యన్‌లోనే ఇవ్వాలని రూల్. 1972లో కొందరు పాదిరీలు, నన్‌లు కలిసి టైప్‌రైటర్ మీద కాపీలు కొట్టి రహస్య పత్రిక నడిపారు, 1989 వరకు ఆగలేదు, పోలీసులు పట్టుకుంటే ఇంకొకరు టైప్ చేసేవాళ్ళు. తాతలు సంచులు మోసిన దేశంలో మనవలకి ఆ పని కొత్తేం కాదు. 1988 నవంబర్‌లో లిథువేనియన్‌ని మళ్ళీ రాజ్య భాషగా ప్రకటించారు, 1990 మార్చి 11న స్వాతంత్ర్యం, 1991 జనవరి 13 రాత్రి విల్నియస్ టీవీ టవర్ దగ్గర ట్యాంకుల ముందు జనం నిలబడ్డారు, మనుషులు చచ్చిపోయారు. 1992 రాజ్యాంగంలో రాజ్య భాష లిథువేనియన్ అని ఒక చిన్న వాక్యం ఉంటుంది, 14వ అధికరణం. అంత చిన్న వాక్యం వెనక ఇంత ఉంది.

మొదటి పుస్తకం అచ్చయిన క్యోనిగ్స్‌బెర్గ్ ఇప్పుడు రష్యాలో కాలినిన్‌గ్రాద్. టిల్సిట్ ఇప్పుడు సోవెట్స్క్. ష్లైచర్ వెళ్ళిన పల్లెలు చాలావరకు, ఈ భాషలో మొదటి గొప్ప కావ్యం రాసిన దొనెలాయ్‌టిస్ పాదిరిగా పనిచేసిన ఊరు, అన్నీ అటే. అక్కడి లిథువేనియన్లు రెండో ప్రపంచ యుద్ధంతో చెల్లాచెదురైపోయారు, ఆ నేల మీద ఇవాళ ఆ భాష దాదాపు వినపడదు. టిల్సిట్‌లో చాలాకాలం ఉన్న వీదూనస్ అనే రచయిత భగవద్గీతని లిథువేనియన్‌లోకి తెచ్చాడు, మన దేశంతో నిజమైన లింక్ కావాలంటే ఫార్వర్డ్ బదులు ఆయన గురించి చదవండి. ఆయన కూడా ఆ ఊరు వదిలి జర్మనీలో శరణార్థిగానే పోయాడు.

ఇప్పుడు చెప్పండి, ఇలాంటి భాష మాట్లాడేవాళ్ళు మా ఊళ్ళో కౌంటర్ దగ్గర మా భాషలో రెండు మాటలు మాట్లాడండి అని అడిగితే అది టార్చరా? వాళ్ళు అలా అడగడంలో భయం ఉంది, ఆ భయానికి కారణం ఉంది. తెలుగువాళ్ళం ఎనిమిది కోట్ల పైన ఉన్నాం, మన భాష రేపే పోదు అనే ధీమా మనకుంది, వీళ్ళకి ఆ ధీమా ఇచ్చే అంకె లేదు. రూల్ అమలులో ఇబ్బందులుంటే, పరీక్ష తేదీలు దొరక్కపోతే, పనిచేయించుకునేవాళ్ళు క్లాసుకి టైమ్ ఇవ్వకపోతే అవి గట్టిగా అడగండి, నేనూ మీతో సంతకం పెడతా. అది వేరు, "ఈ చిన్న భాష మాకెందుకు" అనడం వేరు. మొదటిది హక్కు. రెండోది వాళ్ళ ఊళ్ళో వాళ్ళ ముందే నిలబడి వాళ్ళ తాతల కష్టాన్ని తీసిపారెయ్యడం, అది మనకి తగదు.

కష్టం అంటారా, కష్టమే, ఏడు విభక్తులు, స్వరం ఎక్కడ పడుతుందో చెప్పలేం. కానీ ఇక్కడ మన తెలుగు మీడియం వాళ్ళకి ఒక అడ్వాంటేజ్ ఉంది, ఇంగ్లీష్ మాత్రమే వచ్చిన వాళ్ళకి లేనిది. డుమువులు ప్రథమా విభక్తి, నిన్నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి అని బళ్ళో వల్లె వేశాం కదా, ఆ లెక్క ఇక్కడ నిజంగా పనికొస్తుంది. పేరు చివర మారితే పని మారుతుంది అనేది మనకి పుట్టుకతో తెలుసు. మనం కౌనస్‌లో అన్నట్టు వాళ్ళు కౌనే అంటారు, విల్నియస్‌లో అనడానికి విల్నియుయె. పిలిచేటప్పుడు కూడా అంతే, రాముడు అనే పేరుని పిలిస్తే రామా అవుతుంది మనకి, వాళ్ళకి తోమస్ అనే అబ్బాయిని పిలిస్తే తోమై. మీ ఫ్రెండ్‌ని తోమస్ అని పిలిచినా పలుకుతాడు, తోమై అని పిలిచి చూడండి. ఆడవాళ్ళ ఇంటిపేర్లు పెళ్ళయితే ఒకలా, కాకపోతే ఒకలా మారడం, వార్తల్లో ఫారిన్ నాయకుల పేర్లకి కూడా చివర అస్ తగిలించడం, ఇవన్నీ మొదట్లో వింతగా ఉంటాయి, మీ పేరు చివర కూడా ఎవరైనా అస్ తగిలిస్తే ఫీలవకండి, వాళ్ళ వాక్యంలో మీకు చోటు ఇవ్వాలంటే అది కావాలి.

పని గురించి కూడా చెప్తా, ఎందుకంటే మీలో చాలామందికి ఇంటి దగ్గర లోన్ ఉంది, భావోద్వేగంతో కడుపు నిండదని నాకూ తెలుసు. ఐదేళ్ళు ఉండి పర్మనెంట్ రెసిడెన్సీ కావాలంటే భాష పరీక్ష, రాజ్యాంగం పరీక్ష రెండూ పాసవ్వాలి. ఇంగ్లీష్‌తో నడిచే ఐటీ ఉద్యోగాలు ఉన్నాయి కానీ అందరికీ సరిపోవు, ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ అవ్వాలన్నా హాస్పిటల్లో పేషెంట్‌తో మాట్లాడాలన్నా భాష కావాలి. మెడిసిన్ చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ఇంగ్లీష్‌లో పాఠం విన్నా వార్డులో పడుకున్న తాతకి నొప్పి ఎక్కడో ఇంగ్లీష్‌లో చెప్పడం రాదు. యూనివర్సిటీల్లో ఫారిన్ స్టూడెంట్స్‌కి లిథువేనియన్ కోర్సు చాలాచోట్ల ఉంటుంది, మొదటి సెమిస్టర్‌లోనే తీసుకోండి, తర్వాత పార్ట్‌టైమ్‌లో పడితే టైమ్ దొరకదు.

గ్రూపు అడ్మిన్‌లకి ఒక రిక్వెస్ట్. సెప్టెంబర్‌లో కొత్త బ్యాచ్ దిగగానే మనం పిన్ చేసే మెసేజ్‌లో సిమ్ కార్డు, బస్ పాస్, ఇండియన్ స్టోర్ అడ్రస్ ఉంటాయి, దాంతోపాటు ఆ ఊళ్ళో భాష కోర్సు ఎక్కడ ఉందో, పరీక్షకి ఎలా అప్లై చెయ్యాలో కూడా పెట్టండి. సంస్కృతం ఫార్వర్డ్ ఎవరైనా పెడితే తిట్టకుండా ఈ లెటర్ మొదట్లో సంస్కృతం గురించి రాసిన రెండు పేరాలు కాపీ చేసి పెట్టండి, నా పేరు అక్కర్లేదు. మార్చి 16న కౌనస్‌లో ఉన్నవాళ్ళం సాయంత్రం నాలుగింటికి ఆ మూట మోసే మనిషి విగ్రహం దగ్గర కలుద్దాం, భాష కొంచెం వచ్చినవాళ్ళు కొత్తవాళ్ళకి ఒక గంట పాఠం చెప్తారు, నేను ఫ్లాస్కులో టీ తెస్తా. వచ్చేవాళ్ళు గ్రూపులో చెయ్యెత్తండి, నోట్‌బుక్ తెచ్చుకోండి.

మీ అక్క,
కౌనస్ నుంచి